ఏ గింజ లక్ష్మిది

మా మనవరాలు శాలిని బియ్యం సంచి మూతి కత్తిరించి స్టీలు డబ్బాలోకి ఒంపుతోంది. నేను పక్క గదిలో కుర్చీలో ఉన్నాను. ముందు డబ్బా అడుగున రాళ్లవాన పడ్డట్టు చప్పుడు. సగం నిండేసరికి అదే చప్పుడు మెత్తబడింది. చివరికి ఎవరో చెవి దగ్గర గుసగుసలాడినట్టయింది. సైబర్‌జయలో పధ్నాలుగో అంతస్తులో ఉన్న ఈ ఇంట్లో నెలకోసారి వినపడే చప్పుడే ఇది. అయినా విన్న ప్రతిసారీ చేతిలో ఉన్న పని ఆపేస్తాను.

“అమ్మమ్మా, ఏటైంది? ఓకే లా?” అంది శాలిని, మాట చివర ఇక్కడివాళ్ల ‘లా’ తగిలించి, గుమ్మంలోంచి తొంగి చూసి.

“ఏటీ లేదే. ఆపకు, పూర్తిగా ఒంపు,” అన్నాను.

నాకు పదిహేనేళ్ల వయసులో, 1957లో, ఈ మలయా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, మా ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఏ ఇంట్లోనూ ఆ చప్పుడు లేదు. ఏడాదికి పైగా లేదు. ఆ ఏడాది నాకు లెక్కలు నేర్పి, పండగలు నేర్పి, మనిషి ఎలా నిలబడాలో కూడా నేర్పిన ఒకావిడ గురించి రాస్తున్నాను. నా వయసు వాళ్లలో ఆవిడను ఎరిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. నా తరవాతి వాళ్లలో ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

మాది సుంగై పెటాని పట్నానికి తూర్పున, అడవి అంచున ఉన్న రబ్బరు ఎస్టేటు. మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాన్న, అమ్మ ఇద్దరూ చెట్లు గీసి పాలు తీసేవాళ్లు. నేను ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1948లో, ఎమర్జెన్సీ మొదలైంది. అడవిలో కమ్యూనిస్టు గెరిల్లాలు, బయట సైన్యం, మధ్యలో మేము. లైన్ల చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా, సాయంత్రం ఆరు తరవాత కర్ఫ్యూ. చిన్నప్పటి నుంచీ అలాగే పెరిగాను కాబట్టి నాకు అదొక వింతగా తోచేది కాదు. 1956 డిసెంబరులో వచ్చిన కొత్త కట్టుబాటు మాత్రం పెద్దవాళ్లను కూడా నిర్ఘాంతపరిచింది. ఇక మీదట ఏ ఇంట్లోనూ ఒక్క గింజ బియ్యం ఉండకూడదు. ఎస్టేటు మొత్తానికి ఒకేచోట వండి, మనిషికింత అని కొలిచి అన్నమే ఇస్తారు. బియ్యమైతే కంచె దాటాక గెరిల్లాలు అడవిలో దాచుకోవచ్చు, అన్నం మర్నాటికి పాసిపోతుంది. అదీ సర్కారు ఆలోచన. బియ్యంతో ఎవరైనా పట్టుబడితే జైలు.

ఆ వంట కోసం, రబ్బరు షీట్లు ఆరబెట్టే పాత పొగగది పక్కన సిమెంటు నేలతో, రేకుల కప్పుతో పెద్ద షెడ్డు వేశారు. మేం దాన్ని కుసిని అనేవాళ్లం. మొదటి వారమంతా అక్కడి అన్నం అడుగున మాడి, పైన పలుకు. రెండో వారం మాషీమా వచ్చింది.

మాషీమా ఎస్టేటు ఆసుపత్రిలో పనిచేసిన బెంగాలీ డ్రెస్సర్ గారి భార్య. డ్రెస్సర్ అంటే మాకు డాక్టరు కింద లెక్క. పుళ్లు కట్టేదీ, సూది వేసేదీ, పురుడు పోయించేదీ ఆయనే. ఆయన 1954లో గుండె ఆగి పోయారు. పిల్లలు లేరు. ఎస్టేటు నడిపే తెల్లదొర ఆవిడను క్వార్టరులో ఉండనిచ్చాడు. అందరూ డ్రెస్సరమ్మ అనేవాళ్లు. నాకు మాత్రం ఆవిడే చెప్పింది, “మాషీమా అని పిలు, మా బాసలో పిన్నమ్మ,” అని. అంచు లేని తెల్లచీర, దగ్గరగా కత్తిరించిన జుట్టు, ఏ పనిలోనూ తొందర లేని నడక. మా తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చింది. అందుకే ఆవిడ నోట అచ్చం మా లైన్ల మాటే పలికేది, కొంచెం గుండ్రంగా.

ఆవిడ కుసినికి రావడానికి కారణం సేవాభావం కాదు. బెంగాలీ వితంతువు ఇంకొకరు వండిన అన్నం తినదు. కట్టుబాటు వచ్చాక సొంతంగా వండుకునే వీల్లేదు. నాలుగు రోజులు అరటిపళ్లూ కొబ్బరీ తిని, అయిదో రోజు దొర బంగళాకి నడిచి వెళ్లింది. తరవాత ఆవిడే ఆ మాటలు మా అమ్మకు చెప్పి నవ్వేది. “దొరా, నేను వండింది కాకపోతే తినను. నాకొక్కదానికి వేరే వండడానికి నీ చట్టం ఒప్పుకోదు. కాబట్టి అందరికీ నేనే వండతాను.” దొరకి అంతకంటే కావలసిందేముంది? మర్నాటి నుంచి గోదాం తాళంచెవి ఆవిడ నడుముకి వేలాడింది. మా అమ్మ అప్పలమ్మ, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు ఆవిడ చేతికింద. తూకం పలక మీద రాసే పని నాది. పొద్దున లారీలో పోలీసు కాపలాతో వచ్చిన బియ్యం ఎంత, డేగిసాల్లోకి వెళ్లింది ఎంత, గోదాంలో మిగిలింది ఎంత. మూడూ రోజూ సరిపోవాలి. సరిపోకపోతే మాషీమా అరిచేది కాదు. పలక నా ముందు పెట్టి అక్కడే నిలబడేది. అరుపు కంటే అది నయమో కాదో ఇప్పటికీ చెప్పలేను.

ఇక పండగలు. ఎమర్జెన్సీ మొదలయ్యాక మా లైన్లలో పండగలు చిక్కిపోయాయి. గుంపులు కూడదు, డప్పు కూడదు, చీకటి పడ్డాక బయట తిరగకూడదు. మాషీమా ఆ షెడ్డులోకి తన బెంగాలీ ఏడాదిని ఒక్కొక్క పండగగా తెచ్చిపెట్టింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. జనవరిలో వాళ్ల పుష్య సంక్రాంతి. బియ్యప్పిండితో పిఠే అనే తీపి చేసుకోవాలి. పిండి లేదు కనక కర్రపెండలం తురిమి, కొబ్బరీ తాటిబెల్లమూ కూరి, అరటాకులో ఉడికించింది. ఫిబ్రవరిలో సరస్వతీ పూజ. పప్పూ బియ్యమూ కలిపి పసుపు పచ్చని కిచిడీ. పిల్లల పుస్తకాలన్నీ తెప్పించి పీట మీద పేర్చి, ఆ రోజు ఎవరూ చదవకూడదంది. పిల్లలు ఆవిడను ఆ రోజే దేవతను చేశారు. ఏప్రిల్లో వాళ్ల కొత్త సంవత్సరం. భాద్రపదంలో పొయ్యికి సెలవిచ్చి ముందురోజు వంట చల్లగా తినే పండగ ఒకటి ఉందట. అదొక్కటి మానేసింది. “ఈ పొయ్యికి సెలవిస్తే మూడొందలమంది పస్తు. పొయ్యికి నేను సెప్పుకుంటాలే,” అంది.

అన్నిట్లోకీ అల్లుళ్ల పండగ నేను మరిచిపోలేను. జ్యేష్ఠమాసంలో షష్ఠినాడు బెంగాలీ అత్తగారు అల్లుణ్ని పిలిచి, విసనకర్రతో విసిరి, చేతికి పసుపు దారం కట్టి, చేపతల పెట్టి భోజనం వడ్డించాలి. మాషీమాకు కూతురే లేదు. లైన్లలో ఉన్న అల్లుళ్లందరినీ రమ్మంది. మా అక్క మొగుడు గవరయ్య మా నాన్నతో తగవుపడి ఆరు నెలలుగా మా గడప తొక్కలేదు. కుసినికి రానంటే అన్నం ఎవరిస్తారు? వచ్చాడు. మాషీమా అతన్ని వరసలో కూర్చోబెట్టి విసనకర్ర మా అమ్మ చేతికిచ్చింది. చేపతల దొరికే రోజులు కావు. కంచె లోపలికి వచ్చే సార్డిన్ చేపల డబ్బాలు కూడా, దాచుకోకుండా, దుకాణంలోనే కన్నం పొడిచి ఇచ్చేవాళ్లు.

“విసరవే అప్పలమ్మా, సెయ్యి పడిపోయిందేటి?” అంది మాషీమా.

మా అమ్మ విసిరింది. గవరయ్య తల వంచుకున్నాడు. అమ్మ అతని పళ్లెంలో సార్డిన్ వేస్తే, చూసి, “అత్తా, ముక్క సిన్నదేసినావు,” అన్నాడు.

“మీ మావ కాడ తగువుకి పెద్ద నోరేసినావు గదరా. ముక్కకి సిన్న నోరు సాలు,” అంది అమ్మ.

వరసంతా గొల్లుమంది. ఆ సాయంత్రం గవరయ్య మా ఇంటికి వచ్చి నాన్న పక్కన కూర్చుని బీడీ అడిగాడు. పండగంటే ఏం చేయాలో నాకు అప్పుడు కొంత అర్థమైంది.

పండగ ఏ రోజు వస్తుందో ఆవిడకెలా తెలుస్తుంది? బెంగాలీ పంచాంగం ఏటా కలకత్తా నుంచి పోస్టులో వచ్చేది. ఆ ఏడాది రాలేదు. ఒకరోజు తూకాలయ్యాక నన్ను కూర్చోబెట్టి నా పలక మీదే చెప్పింది. సంక్రాంతి, కొత్త సంవత్సరం సూర్యుడివి, కదలవు. చంద్రుడి పండగ పోయిన ఏడు ఏ తారీఖున వచ్చిందో తెలిస్తే చాలు. ఈ ఏడు దానికి పదకొండు రోజులు ముందు వస్తుంది. అలా వెనక్కి జారి జారి, ఇంచుమించు మూడో ఏడుకి ఒక నెల తేడా పడుతుంది. అప్పుడొక నెల అదనంగా కలిపి మళ్లీ సరిచేస్తారు.

“అంటే సెంద్రుడు లెక్క తప్పుతాడా మాషీమా?”

“సెంద్రుడు తప్పడు. సూర్యుడూ తప్పడు. ఇద్దరి కొలతా వేరు. సర్దుకోవలసింది మనం.”

నేను 1956 తారీఖుల్లోంచి పదకొండు తీసుకుంటూ పోయి ఆ ఏడాది చంద్రుడి పండగలన్నీ రాశాను. రాసి, ఆకాశంలో చంద్రుణ్ని చూసి సరిచూసుకున్నాను. సరిపోయింది. తరవాత ముప్పై రెండేళ్లు సుంగై పెటానిలో బడిపిల్లలకి లెక్కలు చెప్పాను. తీసివేత చేసి ఆకాశం వైపు చూస్తే జవాబు అక్కడ కనబడిన ఆ సంతోషం మళ్లీ దొరకలేదు.

ఆగస్టు 31, శనివారం. మెర్డెకా, అంటే మలయిలో స్వాతంత్ర్యం. కుసిని అరుగు మీద దొర రేడియో పెట్టించాడు. మాషీమా ముందురోజే అందరి వంతులోంచి తలా పిడికెడు తగ్గించి, ఆ బియ్యం డబ్బాపాలలో ఉడికించి, తాటిబెల్లం వేసి పాయసం చేసింది. రేడియోలో జనం అరుస్తుంటే గేటు కాపలా కార్పొరల్ హసన్, రోజూ మా అన్నం క్యారేజీలు విప్పి చూసేవాడు, టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

“సొతంత్రం వచ్చేసినాది గదా. మరి రేపటినుండి బియ్యం ఇత్తారా?” అంది మా అమ్మ.

“బెలుమ్, మక్చిక్. బెలుమ్ లా,” అన్నాడు హసన్. ఇంకా లేదు, పెద్దమ్మా. అని, పాయసం గిన్నె రెండోసారి చాపాడు.

నెల దాటాక దుర్గాపూజ. ఏటా మాషీమా లారీ ఎక్కి సుంగై పెటాని వెళ్లేది. అక్కడ పట్నం బెంగాలీలు, డాక్టర్లు, రైల్వే ఉద్యోగులు, కలిసి దుర్గను నిలబెట్టేవాళ్లు. ఈ దేశంలో ఆవిడకు తనవాళ్లంటూ ఉన్నది వాళ్లే. ఆ ఏడు గేటు దాటడానికి పాస్ ఇవ్వలేదు. ఎందుకని కూడా చెప్పలేదు. అష్టమినాడు ఆవిడ తెల్లవారకుండా స్నానం చేసి వచ్చి ఎప్పటిలాగే డేగిసా ఎక్కించింది. దశమినాడు మాత్రం కొబ్బరి ఉండలు మా చేతుల్లో పెట్టి, “పున్నమికి నా లక్ష్మి ఉంది. ఆవిడకి పాస్ అక్కర్లేదు, తనే వస్తాది,” అంది.

ఆ పున్నమి అక్టోబరు ఎనిమిది, మంగళవారం. నా తీసివేతే అది. ఆ రోజు బెంగాలీ ఇళ్లలో లక్ష్మీపూజ చేస్తారు. గుమ్మం నుంచి పీట దాకా బియ్యప్పిండి ముద్దతో లక్ష్మి పాదాలు చిన్న చిన్నవి గీస్తారు, లోపలికి నడిచి వస్తున్నట్టు. పళ్లెంలో బియ్యం కుప్ప పోసి నైవేద్యం పెడతారు. ఇక్కడే చిక్కు. వాళ్ల ఆచారంలో దేవుడికి వండిన అన్నం పెట్టేది బ్రాహ్మణులే. మాషీమా వాళ్లు కాయస్థులు. వాళ్లు బియ్యమే పెట్టాలి. చట్టం చూస్తే బియ్యం కూడదంటుంది, అన్నమైతే పరవాలేదంటుంది. ఆచారం చెప్పేది దానికి సరిగ్గా తలకిందులు. మిగతా పండగలకి పళ్లతో సర్దుకుంది. కానీ లక్ష్మి అంటేనే ధాన్యం. పెళ్లై వచ్చిన నాటి నుంచి, యుద్ధంలో జపానువాళ్లు ఏలిన రోజుల్లో కూడా, ఆ పూజలో బియ్యం లోటు రానివ్వలేదట.

“గోదాం తాళం నీ నడుం కాడే ఉన్నాది గదమ్మా. ఓ పిడికెడు. ఎవులు సూత్తారు?” అంది మా అమ్మ.

“తాళం నా కాడ ఉన్నాది గనకే తియ్యను,” అంది మాషీమా. “పళ్లెంలో బియ్యం చోటు ఖాళీగా ఉంచుతాను. ఎందుకు ఖాళీయో ఆవిడకి తెలుసు.”

పిండి లేదు కనక పాదాలు గీయడానికి సున్నం వాడదామంది. సున్నం కాళ్లు కొరుకుతుంది. నేను నాన్న బాల్చీలోంచి ఒక చెంబు రబ్బరు పాలు తెచ్చాను. అంతకన్నా తెల్లనిది మా ఎస్టేటులో ఏముంది? మాషీమా వేలికి గుడ్డ చుట్టి అందులో ముంచి, గుమ్మం నుంచి పెద్ద డేగిసా దాకా సిమెంటు మీద పాదాలు గీసింది. అయిదేళ్ల పిల్ల ఒకతె పాలల్లో కాళ్లు తడుపుకుని పొయ్యి దగ్గరకు పరిగెత్తినట్టుంది.

చివరి పాదం గీస్తుండగా బయట జీపు ఆగింది. తిండి కట్టుబాటు చూసే తనిఖీ అధికారి, వెంట ఆడవాళ్లను సోదా చేసే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని చూడగానే డేగిసా దగ్గర తెడ్డు పట్టుకున్న మా అమ్మ ముఖం బూడిదలా అయిపోయింది. చీర చెంగు ఎడమ గుప్పిట్లో బిగించింది. నాకు అప్పుడు తెలిసింది. పొద్దున బియ్యం కడుగుతూ ఒక పిడికెడు తీసి చెంగున ముడేసుకుంది. తనకోసం కాదు, మాషీమా పళ్లెం ఖాళీగా ఉండకూడదని. ఆ ముడి విప్పితే అమ్మ జైలుకి వెళ్తుంది. ఇంట్లో నేనూ, నా కింద ఇద్దరూ.

అధికారి గుమ్మంలోనే ఆగి నేల చూశాడు. “ఎవరివి ఈ కాళ్లు? వంటగదిలోకి పిల్లల్ని రానిస్తున్నారా?” అన్నాడు మలయిలో.

“పిల్లవి కావు. ఒక కలిగిన ఇంటావిడవి,” అంది మాషీమా.

“పాస్ ఉందా?”

“సాయంత్రం వస్తుంది. మీరే అడగండి. ఇంతవరకు ఏ గేటూ ఆపలేదు.”

వెనక హసన్ దగ్గినట్టు నవ్వాడు. అధికారి నవ్వలేదు. ఆడవాళ్లను వరసగా నిలబడమన్నాడు. మాషీమా చేతిలోని గుడ్డ కింద పెట్టి, ఎప్పటి నడకతోనే డేగిసా దగ్గరకు వచ్చింది.

“అప్పలమ్మా, సెంగు మంటలో పడతాది, ఎన్నిసార్లు సెప్పాల నీకు?” అని తెలుగులో గట్టిగా కసిరి, అమ్మ గుప్పిట్లోంచి చెంగు లాగింది. డేగిసా మీద పట్టుకుని, అందరూ చూస్తుండగానే ముడి విప్పింది. బియ్యం మరిగే ఎసట్లో పడ్డ చప్పుడు నేను విన్నాను. అదే చప్పుడు. జల్లు పడ్డట్టు.

“ఏమిటది?” అధికారి రెండంగల్లో వచ్చాడు.

“బియ్యం. కడిగేటప్పుడు బయట పడ్డవి. మీరు చూస్తుండగానే అన్నం అవుతోంది,” అంది మాషీమా తెడ్డు తిప్పుతూ. “తూకం చూసుకోండి.”

అధికారి పలక అడిగాడు. తెచ్చి అతని ముందు పెట్టాను. వచ్చింది, పొయ్యెక్కింది, మిగిలింది. గోదాం తీయించి మిగిలింది మళ్లీ తూయించాడు. సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? అమ్మ తీసింది ఆ రోజు డేగిసాకి తూచిన బియ్యమే. కొంచెం ఆలస్యంగా ఎసట్లో పడింది, అంతే. అతను డేగిసాలోకి చూశాడు. తెల్లగా మరుగుతోంది. సోదా అమ్మాయి మా అమ్మ ఖాళీ చెంగు తడిమి తల ఊపింది. జీపు వెళ్లిపోయింది. పోయేటప్పుడు అధికారి పాదాలను తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లాడని తరవాత హసన్ చెప్పాడు. నేను చూడలేదు, నేను అమ్మను చూస్తున్నాను.

అమ్మ నేల మీద కూలబడింది. “నీ పూజ పాడవకూడదని సేసినానమ్మా.”

మాషీమా ఎదురుగా కూర్చుంది. అంత కోపంగా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం పెరగలేదు. “నా లక్ష్మికి పిడికెడు బియ్యం కోసం ఇంట ముగ్గురు పిల్లలున్న తల్లి జైలుకెల్లాలా? ఆ బియ్యం ఆవిడ తింటాదా? తినే లక్ష్మి నాకొద్దు.” అమ్మ కళ్లు తన తెల్ల చెంగుతో తుడిచింది. లేచి, “ఇత్తడి పళ్లెం తే,” అంది నాతో.

అన్నం ఉడికింది. మాషీమా పీట దగ్గర దీపం పెట్టి, కొబ్బరీ పళ్లూ అమర్చింది. తరవాత డేగిసా మూత తీసి, మొదటి గరిటె పళ్లెం మధ్యలో, బియ్యం కోసం ఖాళీ ఉంచిన చోట వేసింది. ఆవిర్లు కమ్ముకున్నాయి.

అమ్మే ముందు తేరుకుంది. “అదేటమ్మా! మీవోల్లు అన్నం ఎట్టకూడదని నువ్వే అన్నావు గదా. బాపనోల్లే ఎట్టాలని.”

“అన్నాను,” అంది మాషీమా. “ఆవిడ బియ్యం ఇందులోనే ఉన్నాది. ఏ గింజ లక్ష్మిదో, ఏ గింజ మనదో ఏరి పెట్టు అప్పలమ్మా. బియ్యం గింజ ఒక్కటి దొరికినా అదే పెడతాను. ఏరు.”

అమ్మ డేగిసాలోకి చూసింది. మేమంతా చూశాం.

పూజ అయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. ప్రసాదం అందరికీ పంచాలి. మనిషికింత అని కొలిచిన అన్నమే తప్ప పైన ఒక్క మెతుకు లేదు. మాషీమా పళ్లెం ఎత్తి, అందులోని అన్నం మళ్లీ డేగిసాలో వేసి, అడుగు దాకా తెడ్డు పెట్టి కలిపింది. ఆ సాయంత్రం ఎస్టేటులో తెలుగువాళ్లు, తమిళులు, కంచె కాపలావాళ్లు, గవరయ్య, మా నాన్న, అందరూ తిన్నది లక్ష్మి తిన్న అన్నమే. చాలామందికి ఆ సంగతి తెలియదు. మాషీమా అందరూ తిన్నాక అదే డేగిసాలోంచి పెట్టుకుని తిన్నది. ఆ రోజు తెడ్డు తిప్పింది ఎక్కువసేపు మా అమ్మే. ఇంకొకరు వండింది తినని మాషీమా ఆ మాట ఎత్తలేదు.

మర్నాటికి రబ్బరు పాలు ఆరి, పాదాలు తేనెరంగుకి తిరిగాయి. నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. బియ్యప్పిండి ముగ్గు చీమలు తింటాయి, వాన కడుగుతుంది. రబ్బరు పోదు. ఎంత తోమినా సిమెంటుని పట్టుకుని ఉంది. గోటితో లాగితే ఊడొచ్చేది గాని లాగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మాషీమా నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “మంచిదే. ఇంక ఎల్లిపోదు,” అంది.

1958లో మా వైపు ఆ కట్టుబాటు ఎత్తేశారు. కుసిని మూసేశారు. ఇంటింటికీ బియ్యం వచ్చిన రోజు లైన్లన్నీ డబ్బాల చప్పుడే. ఆ ఏడు అధికమాసం వచ్చింది కాబట్టి లక్ష్మీపున్నమి అక్టోబరు నెలాఖరుకి జరిగింది. దానికి ముందు పట్నం నుంచి ఒక బెంగాలీ డాక్టరు గారి భార్య మాషీమా క్వార్టరుకి వచ్చింది, చిన్న సంచిలో సువాసన బియ్యం పట్టుకుని. నేను అక్కడే ఉన్నాను. ఇద్దరూ వాళ్ల భాషలోనే మాట్లాడుకున్నారు. మాషీమా నాకు తరవాత చెప్పింది. నిరుడు జరిగింది ఆపద్ధర్మం, ఎవరూ తప్పు పట్టరు, ఇప్పుడు బియ్యం దొరుకుతోంది కదా, పద్ధతిగా చెయ్యి, అన్నదట.

“మీరేం అన్నారు?” అని అడిగాను.

“ఏటంటాను? ఒకసారి ఏడి అన్నం ఎట్టాక మళ్లీ ఆవిడని బియ్యం నమలమంటానా?”

ఆ బియ్యం వండే పెట్టింది. తెల్లారేసరికి సంగతి పట్నానికి తెలిసింది. ఎవరూ వెలి అనే మాట వాడలేదు. మరుసటి ఏడు దుర్గాపూజలో భోగం, అంటే దేవికి పెట్టే నైవేద్యం, వండే గది వైపు ఆవిడను రమ్మనలేదు, అంతే. అంతకుముందు ఆ గదిలో కూరలు తరిగే పీట ఆవిడదే. ఆ ఏడు నేనూ అమ్మా వెంట వెళ్లాం. పందిరి బయట మాతోపాటు ఆకు ముందు కూర్చుంది. ఎప్పటి నడకే, ఎప్పటి ముఖమే. నేను ఆ గది తలుపు వైపు చూస్తుంటే, “అటు సూడకు. ఇక్కడ గాలి బాగుంది,” అంది. అన్నది గాని ఆ రోజు రెండోసారి వడ్డించుకోలేదు. అది నేను గమనించాను. ఎన్నేళ్లయినా వాళ్లు పిలవలేదు, ఆవిడ మార్చుకోలేదు. 1971లో పోయేదాకా ప్రతి లక్ష్మీపున్నమికీ ఆవిడ ఇంట అన్నమే, ప్రతిసారీ ఆ అన్నం తినడానికి మేమే.

నన్ను పట్నం బడిలో వేయమని నాన్నను ఒప్పించింది కూడా ఆవిడే. దానికి వాదన ఏమీ పెట్టలేదు. నా పలక నాన్న ముందు పెట్టి, అలా నిలబడింది.

ఇవాళ లక్ష్మీపున్నమి. క్యాలెండరులో ఉంది, నేనూ నిరుటి తారీఖుతో లెక్కవేసి చూసుకున్నాను. శాలిని బియ్యం డబ్బా మూత బిగించి, “అమ్మమ్మా, పూజకి బియ్యం తీయాలా? కొంచెం చాలు కదా?” అంది.

“కొంచెం కాదు. ఇంటిల్లిపాదికీ పొయ్యెక్కించు,” అన్నాను.

కుక్కర్ మూత తీశాక మొదటి గరిటె ఇత్తడి పళ్లెంలో వేసి దీపం ముందు పెట్టాను. కాసేపాగి అది తీసి మళ్లీ కుక్కర్లో వేసి, అడుగుదాకా కలిపాను. శాలిని చూస్తూ నిలబడింది.

“అయ్యో, కలిపేశావేంటి లా? ఇప్పుడు ఏది దేవుడిదో ఎలా తెలుస్తుంది?”

“ఏరు, చూద్దాం,” అని గరిటె దాని చేతికిచ్చాను.